తెర్మీనొ అన్నానా, తెర్మినో అన్నానా? స్పానిష్‌లో అక్షరం నెత్తిన గీతతో వచ్చిన తంటా

#1 నైట్‌షిఫ్ట్_నాగు (గచ్చిబౌలి)

అందరికీ నమస్తే. ముందు నిన్న రాత్రి జరిగింది చెప్తాను, తర్వాత నా డౌట్.

మాది మెక్సికో క్లయింట్. రాత్రి షిఫ్ట్‌లో బిల్లింగ్ జాబ్ ఒకటి నడుస్తుంది. అది అయిపోగానే వాళ్ళ గ్రూపులో ఒక ముక్క పెట్టాలి. మావాళ్ళందరూ ఇంగ్లిష్‌లోనే పెడతారు. నేను నాలుగు నెలల నుంచి యాప్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను కదా అని, కాస్త బిల్డప్ కోసం స్పానిష్‌లో పెట్టాను. ‘ప్రాసెస్ అయిపోయింది’ అని రాశాననే అనుకున్నాను.

రెండు నిమిషాల్లో అవతల నుంచి కాల్. “ఎందుకు ఆపేస్తున్నావు? ఎవరు ఆపమన్నారు?” అని ఆవిడ ఒకటే కంగారు. లాగ్ చూస్తే జాబ్ 3:10కే శుభ్రంగా పూర్తయి ఉంది. ఆవిడకు అది చూపించి ఒప్పించేసరికి నాకు చెమటలు పట్టాయి.

తీరా చూస్తే నేను చివరి ఓ మీద గీత పెట్టలేదట. గీత ఉంటే తెర్మినో, అంటే ‘అయిపోయింది’; లేకపోతే తెర్మీనొ, అంటే ‘నేను ముగిస్తున్నాను’. గీతే కదా, అందం కోసం పెడతారేమో అనుకుని వదిలేశాను. ఇది ఆ ఒక్క మాటకేనా, మిగతావాటికీ ఇంతేనా? ఎక్కడ పెట్టాలో తెలుసుకునే దారి ఏమైనా ఉందా, లేక ఒక్కో మాటా బట్టీ పట్టాల్సిందేనా?

#2 మోడరేటర్

చర్చ మొదలయ్యేలోపు ఒక మాట. మన బోర్డు సాఫ్ట్‌వేర్ పాతది. గీతలున్న అక్షరాలు పెడితే అన్నీ ప్రశ్నార్థకాలై కూర్చుంటున్నాయి. అందుకని స్పానిష్ మాటల్ని తెలుగులోనే రాయండి. నొక్కి పలికే చోట దీర్ఘం, మిగతా చోట్ల హ్రస్వం పెట్టుకుందాం. అసలు స్పెల్లింగ్‌లో గీత ఉంటే ‘గీత ఉంది’ అని పక్కన చెప్పండి. ఇంతకుముందు ఫ్రెంచ్ చర్చ ప్రశ్నార్థకాలతో నిండిపోయి ఎవరికీ అర్థం కాలేదు, గుర్తుందిగా.

#3 పెద్దబాలశిక్ష (తార్నాక)

నాగూ, బట్టీ అక్కర్లేదు. మోడరేటర్ గారు తెలియకుండానే మంచి పని చేశారు. ఆ దీర్ఘం, హ్రస్వం పద్ధతిలోనే నీ జవాబు ఉంది.

నువ్వు రాసిన మాటనే తీసుకో. అవే అక్షరాలు, అదే వరస. నొక్కు ఎక్కడ పడిందన్నదే తేడా.

తేర్మినొ: మొదట్లో నొక్కు, గీత ఉంది. గడువు అని, సాంకేతిక పదం అని అర్థాలు.
తెర్మీనొ: మధ్యలో నొక్కు, గీత లేదు. నేను ముగిస్తున్నాను.
తెర్మినో: చివర నొక్కు, గీత ఉంది. అది ముగిసింది, లేదా అతను ముగించాడు.

ఇలా మూడేసి అర్థాలిచ్చేవి ఇంకా ఉన్నాయి. పూబ్లికొ అంటే జనం, ప్రేక్షకులు. పుబ్లీకొ అంటే నేను ప్రచురిస్తున్నాను. పుబ్లికో అంటే అతను ప్రచురించాడు. మీ బిల్లింగ్‌లో తగిలేది దెపోసితొ, అంటే డిపాజిట్. దెపొసీతొ అంటే నేను జమ చేస్తున్నాను, దెపొసితో అంటే ఆమె జమ చేసింది. డబ్బు దగ్గర ఈ మూడూ కలిపేస్తే నిన్నటి కంగారుకు పదింతలు అవుతుంది.

ఇక రూలు. అక్షరం అంటే ఇక్కడ ఒక్క ఊపులో పలికే ముక్క. మాట అచ్చుతో ముగిసినా, ఎన్‌తోనో ఎస్‌తోనో ముగిసినా నొక్కు చివరి నుంచి రెండో అక్షరం మీద పడుతుంది. ఇంకే హల్లుతో ముగిసినా చివరి అక్షరం మీద పడుతుంది. ఈ లెక్క ప్రకారం నడిచే మాటకు గీత అక్కర్లేదు. లెక్క తప్పిన మాటకే గీత పెడతారు. అంతే.

కాస, అంటే ఇల్లు. అచ్చుతో ముగిసింది, రెండోదాని మీద నొక్కు, గీత లేదు. ఒతేల్, అంటే మన హోటలే. ఎల్‌తో ముగిసింది కాబట్టి చివర నొక్కు, గీత లేదు. మనం ‘హోటల్’ అని మొదట్లో నొక్కుతాం, అక్కడే దొరికిపోతాం. కఫే, పెరూ, పనమా అచ్చుతో ముగుస్తున్నా నొక్కు చివర పడుతుంది, కాబట్టి గీత ఉంది. ఆర్బొల్ అంటే చెట్టు. ఎల్‌తో ముగిసినా నొక్కు మొదట్లో ఉంది, కాబట్టి గీత. మూసిక, తెలేఫొనొ లాంటివాటిలో నొక్కు చివరి నుంచి మూడోదాని మీద ఉంటుంది. అలాంటివాటికి ఎప్పుడూ గీత ఉంటుంది, ఆలోచించే పనే లేదు.

ఎన్, ఎస్‌లకు ఈ మర్యాద ఎందుకంటే, బహువచనానికి ఎస్ వస్తుంది, క్రియలో ‘వాళ్ళు’ అనడానికి ఎన్ వస్తుంది. కాస ఇల్లు, కాసస్ ఇళ్ళు. ఆబ్ల మాట్లాడతాడు, ఆబ్లన్ మాట్లాడతారు. తోక తగిలించినంత మాత్రాన నొక్కు జరగదు కదా, గీత కూడా అక్కర్లేకుండా పోతుంది.

దీని వింత ఫలితం ఒకటుంది. కన్స్యోన్ అంటే పాట, గీత ఉంది. పాటలు అంటే కన్స్యోనెస్, గీత పోయింది. హోబెన్ అంటే యువకుడు, గీత లేదు. యువకులు అంటే హోబెనెస్, గీత వచ్చింది. పిల్లలు దీన్ని అన్యాయం అంటారు. కానీ నొక్కు కదల్లేదు చూడండి, లెక్క మాత్రమే మారింది.

#4 ఫ్రిస్కో_అమ్మ (టెక్సస్)

మాస్టారూ, మీరు నాలుగు రోజులు ముందు రాసుంటే మా అమ్మాయికి ఆరు మార్కులు మిగిలేవి.

తొమ్మిదో తరగతి, మొదటి ఏడాది స్పానిష్. ‘నా కుటుంబం’ మీద పది వాక్యాలు రాయమన్నారు. ‘మా అమ్మానాన్నలంటే నాకు ప్రాణం’ అని రాసింది పాపం. అమ్మానాన్నలు అంటే పపాస్, చివరి ఏ మీద గీత. ఇది గీత ఎగరగొట్టి పాపస్ అని రాసింది. దాంతో ‘నా బంగాళదుంపలంటే నాకు ప్రాణం’ అయి కూర్చుంది. టీచరు ఎర్ర ఇంకుతో సున్నా చుట్టి, పక్కన ఒక బంగాళదుంప బొమ్మ వేసింది. దానికి రెండు కళ్ళు, జడ కూడా. జడ చూసి నేనేననుకుంటా.

మా ఆయన ఆ కాగితం తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద అంటించాడు. ఇప్పుడు ఇంట్లో నన్ను ‘దుంపా’ అని పిలుస్తున్నాడు. ఈ వయసులో నాకిది అవసరమా!

#5 కొత్తిమీర_కట్ట (వాలెన్సియా)

అక్కా, మీకు ఇంకో ముక్క. పాప అంటే దుంపే కాదు, పోప్ గారు కూడా. ‘ఎల్ పాప’ అంటే రోమ్‌లో ఉండే ఆయన, ‘ల పాప’ అంటే దుంప. మేముండే స్పెయిన్‌లో దుంపను పతాత అంటారు కాబట్టి మీ బాధ ఇక్కడ కొంచెం తక్కువ. ‘పాప’ అంటే మాకు చంటిపిల్ల అని ఇక్కడి రూమ్మేట్‌కి చెప్తే, “ఒక్క మాటలో పోప్ గారు, దుంప, పసిపిల్ల! మీ ఇంట్లో జాగ్రత్తగా మాట్లాడాలి” అంది.

నాకు ఇక్కడ దిగిన మొదటి వారమే తగిలింది. మంచం మీదకి దుప్పటి కొనాలి. ఇంటి దగ్గర షాపులో పెద్దావిడ ఉంది. ముందే డిక్షనరీ చూసుకుని వెళ్ళాను. ఆ మాట సాబన, మొదటి ఏ మీద గీత. నేను గీత పట్టించుకోకుండా తెలుగులో చదివినట్టు చదివి ‘సబాన కావాలి, మంచానికి’ అన్నాను. ఆవిడ కళ్ళద్దాలు కిందికి దింపి నన్ను చూసి, “అది కావాలంటే ఆఫ్రికా వెళ్ళాలమ్మా, మా దగ్గర దుప్పట్లే ఉన్నాయి” అంది. సబాన అంటే సవానా, సింహాలు తిరిగే గడ్డిమైదానం. పక్కనున్న కస్టమర్లు కూడా నవ్వారు. దుప్పటి మాత్రం మంచిదే ఇచ్చింది, ఇప్పటికీ వాడుతున్నాను.

#6 అడ్డంపడేవాడు (విజయవాడ)

ఇంత హడావుడి అవసరమా అని నా డౌట్. నేను రెండేళ్ళు కొలంబియా వాళ్ళతో పనిచేశాను. వాట్సాప్‌లో వాళ్ళెవరూ ఒక్క గీత పెట్టలేదు. అయినా అందరికీ అన్నీ అర్థమయ్యాయి. సందర్భం అనేది ఒకటుంటుంది కదా. మనం ‘వస్తునా’ అని రాస్తే ‘వస్తున్నా’ అని చదువుకోమా? నాగు క్లయింట్ ఆవిడ నిద్రమత్తులో ఉండుంటుంది.

#7 పెద్దబాలశిక్ష

మీరన్నది నిజమే. చాటింగ్‌లో వాళ్ళూ వదిలేస్తారు. కానీ వాళ్ళు రాసేటప్పుడు వదిలేసినా చదివేటప్పుడు నొక్కు సరైన చోటే పడుతుంది, ఎందుకంటే ఆ మాటలు వాళ్ళు తల్లి ఒళ్ళో విన్నవి. మనకు మాటే కాగితం మీద నుంచి వస్తోంది. ఆ గీత లేకపోతే ఎక్కడ నొక్కాలో చెప్పే దిక్కు లేదు. మీ ‘వస్తునా’ తెలుగు రానివాడికి చూపించి చదవమనండి.

పైగా నాగు రాసిన చోట సందర్భం రెండింటికీ సరిపోయింది. ఆపరేటర్ ‘ప్రాసెస్ ముగిసింది’ అనీ అనొచ్చు, ‘ప్రాసెస్‌ను ముగిస్తున్నాను’ అనీ అనొచ్చు. స్పానిష్‌లో ‘నేను’ అని విడిగా చెప్పక్కర్లేదు, మనం ‘వస్తున్నాను’ అంటే నేను అందులోనే ఉన్నట్టు. క్రియ చివర్నే మనిషి ఉంటాడు. ఆ చివర తప్పితే మనిషే మారిపోతాడు.

#8 నైట్‌షిఫ్ట్_నాగు

మాస్టారూ, మీ దయవల్ల ఒకటి కనిపెట్టాను, కరెక్టేనా చూడండి. ఆబ్లొ అంటే మాట్లాడతాను, గీత ఉన్న అబ్లో అంటే మాట్లాడాడు. పాగొ అంటే కడతాను, పగో అంటే కట్టాడు. త్రబాహొ పనిచేస్తాను, త్రబహో పనిచేశాడు. అంటే చివర గీత ఉంటే గతం, లేకపోతే వర్తమానం. ఈ రూల్ రాసి మానిటర్‌కి అంటించేస్తున్నా.

#9 పెద్దబాలశిక్ష

అంటించకు నాయనా, ఆగు.

అబ్లరా, చివర గీత ఉంది. ‘మాట్లాడతాడు’, రేపు. అది భవిష్యత్తు. గీత తీసేసి అబ్లార అంటే ‘మాట్లాడితే’ అనే ఊహ. ఇక్కడ గీత గతానిది కాదు కదా, దానికి సరిగ్గా ఎదురు.

మరోవైపు దీహొ అంటే చెప్పాడు, హెచ్‌తో రాసే ఈసొ అంటే చేశాడు. రెండూ పక్కా గతం, గీత లేదు. ఎందుకు? నొక్కు మొదటి అక్షరం మీదే ఉంది, మామూలు లెక్కలో నడుస్తున్నాయి. గీతకు కాలంతో సంబంధం లేదు. గొంతు ఎక్కడ ఒత్తి పలకాలన్నదే దాని పని. నువ్వు చెప్పిన జంటల్లో కాలం మారడానికి కారణం నొక్కు మారడం, అక్కడ గీత సాక్షి మాత్రమే.

నీ ఆబ్లొకి ఇంకో ఇద్దరు తోబుట్టువులు ఉన్నారు. ఆబ్లె అంటే ‘మీరు మాట్లాడండి’, మర్యాదగా. అబ్లే, గీత ఉంది, అంటే ‘నేను మాట్లాడాను’. క్లయింట్‌తో నువ్వు మాట్లాడానని చెప్పబోయి ఆవిడనే మాట్లాడమన్నావనుకో, మళ్ళీ ఇక్కడికే వస్తావు.

#10 కొత్తిమీర_కట్ట

ఇలాంటివే నా నోట్‌బుక్‌లో ఉన్నవి కొన్ని: బేబె అంటే తాగుతుంది, బెబే అంటే పసిబిడ్డ, గీత ఉంది. ఏస్త అంటే ఈ, ఎస్తా అంటే ఉంది. పేర్దిద అంటే నష్టం, పెర్దీద అంటే తప్పిపోయినది. ఇంగ్లేస్ అంటే ఇంగ్లిష్. గీత లేకపోతే ఈంగ్లెస్, అంటే గజ్జలు (కాలికి కట్టేవి కాదు, తొడల మూలలు). రెజ్యూమెలో ‘భాషలు’ అనే చోట గజ్జలు రాసుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు, చెక్ చేసుకోండి.

#11 బ్యూనస్_బాబాయ్ (అర్జెంటీనా)

ఇక్కడ ఆరేళ్ళుగా ఉంటున్నాను. మాస్టారు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం. కానీ మా ఊళ్ళో ఒక మెలిక ఉంది. మెక్సికోలో ‘తీసుకో’ అంటే తోమ. ఇక్కడ తొమా, చివర గీత. ఇక్కడివాళ్ళు ‘నువ్వు’ అనడానికి తూ వాడరు, బోస్ అంటారు. దానికి క్రియ కూడా మారి నొక్కు చివరికి పోతుంది. రా అంటే బెనీ, చూడు అంటే మిరా, అన్నీ గీతలతోనే. అర్థం మారదు, ఊరు మారుతుంది. ఇక్కడివాళ్ళు రాసిన మెసేజ్ చూసి, గీతలు ఎక్కువయ్యాయి, తప్పు రాశారు అనుకోకండి.

నేను వచ్చిన కొత్తలో ఎవరు ‘తోమ’ అన్నా మా ఆవిడ గిన్నెలేనేమో అని సింకు వైపు చూసేది.

#12 ఫ్రిస్కో_అమ్మ

బాబాయ్ గారూ 😂

మాస్టారూ, అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది, దాని ప్రశ్న ఇది. పాప, పపా అంటే పలకడంలోనే తేడా ఉంది, సరే. మరి ‘ఎల్’ ఉందిగా. గీత లేకపోతే ఇంగ్లిష్‌లో ‘ద’ లాంటిది, ఈ మీద గీత ఉంటే ‘అతను’. ఒకే అక్షరం ఉన్న మాటలో నొక్కు ఎటు జరుగుతుంది? వాళ్ళ టీచరు రెండూ ఒకేలా పలుకుతుందట. అలాంటప్పుడు గీత ఎందుకని అడుగుతోంది.

#13 అరసున్న_అభిమాని (రాజమండ్రి)

అమ్మా, ఈ ప్రశ్నకు జవాబు మన బడిలోనే ఉంది. నాకు స్పానిష్ అంతంతమాత్రం. మనవడితో కలిసి రిటైరయ్యాక మొదలుపెట్టాను. కానీ తెలుగు పాఠం చెప్పి బతికినవాణ్ణి కాబట్టి చెప్తాను.

మా చిన్నప్పుడు ‘వాఁడు’ అని అరసున్నతో రాస్తే అతను అని. అరసున్న లేకుండా ‘వాడు’ అంటే ఉపయోగించు అని, పువ్వయితే వాడిపోవడం అని. ‘ఏఁడు’ అంటే సంవత్సరం, ‘ఏడు’ అంటే ఆరు తర్వాతది. పలకడంలో తేడా ఉందా? నా కాలానికే లేదు. కంటికోసం పెట్టిన గుర్తు అది. కాగితం మీద రెండు మాటలు ఒకేలా కనబడితే పాఠకుడు తడబడకూడదని. మీ అమ్మాయి అడిగిన ఎల్ సరిగ్గా అలాంటిదే. ‘అతను’కి అరసున్న పెట్టారనుకోమనండి.

అలాంటి జంటలు నేను గోడ మీద రాసుకున్నాను. గీత లేని తు అంటే ‘నీ’, గీత ఉన్న తూ అంటే ‘నువ్వు’. మి అంటే ‘నా’, మీ అంటే ‘నన్ను’, వాళ్ళకు ‘నాకోసం’ అనే చోట కూడా అదే. సి అంటే ‘అయితే’, సీ అంటే ‘అవును’. మస్ అంటే ‘కానీ’, ఇది పుస్తకాల్లోనే ఎక్కువ. మాస్ అంటే ‘ఇంకా, ఎక్కువ’, దీన్ని రోజంతా వాడతారు. దె అంటే ‘యొక్క’, దే అంటే ‘మీరు ఇవ్వండి’. సె అనేది ‘తనకు తాను’ లాంటిది. సే అంటే ‘నాకు తెలుసు’, ‘ఉండు’ అని ఆజ్ఞ కూడా అదే. తె అంటే ‘నిన్ను, నీకు’. గీత ఉన్న తే అంటే టీ. మన తేనీరులో తే ఉంది కాబట్టి అది నాకు ఒక్కరోజులో పట్టుబడింది.

ఇంకొకటి నాకు మురిపెంగా అనిపించింది చెప్తాను. సెక్రెతార్య అంటే ఆడ సెక్రటరీ. ఐ మీద గీత పెడితే సెక్రెతరీఅ, అంటే కార్యాలయం. నాగు బాబు పనిచేసే మెక్సికోలో ప్రభుత్వ మంత్రిత్వ శాఖల పేర్లలో ఉండేది ఇదే. అలాగే సాబ్య అంటే తెలివైన స్త్రీ, సబీఅ అంటే ‘తెలుసుండేది’. ఏమైందో గమనించారా? గీత లేనప్పుడు ఇ, అ కలిసి ‘య’ అయిపోయాయి, అతి ప్లస్ అంత అత్యంత అయినట్టు. గీత పెట్టగానే సంధి విడిపోయింది, రెండు అచ్చులూ విడివిడిగా నిలబడ్డాయి. ఆ గీత యణాదేశ సంధికి అడ్డుకట్ట. వ్యాకరణం చెప్పిన ముప్పయ్యేళ్ళలో నాకు ఇంత చక్కటి ఉదాహరణ దొరకలేదు, దొరికిందేమో స్పానిష్‌లో!

#14 పెద్దబాలశిక్ష

అరసున్న గారూ, నమస్కారం. ఇఫ్లూలో (హైదరాబాద్‌లోని విదేశీ భాషల యూనివర్సిటీ) చదువుకున్న రోజుల్లో ఈ పోలిక ఎవరైనా చెప్పుంటే నాకు ఒక సెమిస్టర్ కలిసొచ్చేది.

చిన్న సవరణ ఒక్కటే. తు, తూ పూర్తిగా ఒకేలా ఉండవు. వాక్యంలో చెప్పేటప్పుడు ‘నీ’ అనే తు పక్క మాటకు ఆనుకుని తేలిగ్గా పోతుంది. ‘నువ్వు’ అనే తూ మీద కాస్త బరువు ఉంటుంది. విడిగా పలికితే మాత్రం తేడా తెలీదు. మీ అరసున్న పోలిక చెక్కుచెదరదు.

ప్రశ్న మాటలు కూడా ఈ కుటుంబమే. కోమొ అంటే ‘లాగా’, ‘నేను తింటాను’ అని కూడా. గీత ఉంటే ‘ఎలా’. వాళ్ళ పిల్లలు ఆడుకునే మాట ఒకటుంది: “కోమొ కోమొ? కోమొ కోమొ కోమొ!” ‘నేనెలా తింటాను? ఎలా తింటానో అలాగే తింటాను!’ అని. ఆరు కోమోల్లో గీత ఉన్నది మొదటిదానికి ఒక్కదానికే. మన బోర్డు మీద అన్నీ ఒకేలా కనబడుతున్నాయి చూడండి, గీత లేకపోతే వాళ్ళకీ అంతే.

#15 అడ్డంపడేవాడు

లెక్కపెట్టా మాస్టారూ, కోమోలు ఐదే ఉన్నాయి.

#16 పెద్దబాలశిక్ష

ఐదే. కళ్ళజోడు మార్చాలి.

#17 అడ్డంపడేవాడు

సరే, మరి అరసున్న తీసేశాం, కొంప మునిగిందా? తెలుగు బతికే ఉంది. వాళ్ళు కూడా ఆ కంటికోసం పెట్టే గీతలు తీసేయొచ్చు కదా.

#18 కొత్తిమీర_కట్ట

తీసెయ్యబోయి తన్నులు తిన్నారండీ. సోలొ అనే మాట ఉంది. ‘ఒంటరిగా’ అంటే గీత లేదు, ‘కేవలం’ అంటే మొదటి ఓ మీద గీత పెట్టేవాళ్ళు. ‘ఆదివారాలు సోలొ పనిచేస్తాను’ అంటే ఒక్కడినే చేస్తాను అనా, ఆదివారాలు మాత్రమే చేస్తాను అనా? గీతే చెప్పాలి. 1713లో పుట్టిన, వాళ్ళ భాషకు రూల్స్ చెప్పే రాయల్ అకాడమీ 2010లో తెచ్చిన వర్ణక్రమం పుస్తకంలో ఈ గీత అక్కర్లేదు, సందర్భమే చెప్తుందంది, అచ్చం మీలాగే. రచయితలు ఊరుకోలేదు. అకాడమీలోనే సభ్యుడైన నవలాకారుడు అర్తూరొ పేరెస్ రెవేర్తె గీత పక్షాన గట్టిగా నిలబడ్డవాళ్ళలో ఒకరు. చివరికి 2023 మార్చిలో అకాడమీ మాట సవరించుకుంది. రెండర్థాలు వస్తాయని రాసేవాళ్ళకు అనిపిస్తే పెట్టుకోవచ్చు అంది. ఆ వారం ఇక్కడ క్లాసులో మా ప్రొఫెసర్లు ఇద్దరు దీని మీద నిజంగానే గొంతులు పెంచుకున్నారు.

#19 అరసున్న_అభిమాని

అరసున్నకు అలాంటి నవలాకారుడు ఒక్కడు దొరికితే బాగుండేది.

#20 బ్యూనస్_బాబాయ్

ఎన్ మీద పాములా మెలికలు తిరిగే గీత గురించి ఎవరూ ఎత్తలేదేం? అసలు ప్రమాదం అక్కడే ఉంది. ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు కాబట్టి పద్ధతిగా చెప్తాను. ‘నాకు 47 ఏళ్ళు’ అని రాస్తూ ఆ మెలిక మర్చిపోతే, ఏళ్ళు అనేది శరీరంలో ఒక రంధ్రం పేరు అయిపోతుంది. 47 ఉన్నాయని చెప్పుకున్నట్టు. నేను వీసా ఫారం నింపుతూ రాశాను. కౌంటర్లో అబ్బాయి పైకి కిందకి చూసి, ఏమీ అనకుండా పెన్ను తీసుకుని తనే మెలిక పెట్టాడు. మంచివాడు.

#21 పెద్దబాలశిక్ష

ఆ మెలిక వేరే జాతిది. ఏ, ఈ, ఐ, ఓ, యు మీద వచ్చే గీత అక్షరాన్ని మార్చదు, నొక్కునే చూపిస్తుంది. మెలిక ఉన్న ఎన్ అలా కాదు, దాని పేరు ఎన్యే, అది విడి అక్షరమే. వాళ్ళ 27 అక్షరాల్లో ఒకటి, నిఘంటువులో ఎన్ తర్వాత దానికి సొంత చోటు ఉంది. పాతకాలపు లేఖకులు రెండు ఎన్‌లు పక్కపక్కన రాసేబదులు ఒకటి రాసి, రెండోదాన్ని నెత్తిన గీతగా పెట్టేవాళ్ళు, అలా పుట్టింది. కంప్యూటర్ కీబోర్డుల్లో దానికి చోటు ఉండి తీరాలని స్పెయిన్ ప్రభుత్వం 1993లో డిక్రీ కూడా తెచ్చింది.

దాని ధ్వని మనకు కొత్త కాదు. చ ఛ జ ఝ తర్వాత బట్టీపట్టి, జీవితంలో మళ్ళీ ముట్టుకోని ‘ఞ’ ఉంది చూడండి, అదే. ఎస్పాఞ. ఆఞొ అంటే ఏడాది. ఒకటో తరగతిలో నేర్చుకున్న ఞకి చివరికి పని దొరికింది.

#22 ఫ్రిస్కో_అమ్మ

అమ్మాయి ఇప్పుడే ‘ఎస్పాఞ’ అని తెలుగులో రాసింది. ఞ రాయడం నాకే రాలేదు, యూట్యూబ్ చూసి నేర్చుకుంది. మాస్టారూ, ఒకటి చెప్పండి. పెద్ద అక్షరాలు అయితే గీత పెట్టక్కర్లేదని దాని ఫ్రెండ్ అంటోందట, నిజమేనా?

#23 పెద్దబాలశిక్ష

కాదమ్మా. అకాడమీ అలాంటి మినహాయింపు ఎప్పుడూ ఇవ్వలేదు. పాత టైపు మిషన్లలో, అచ్చు దిమ్మల్లో పెద్ద అక్షరం మీద గీతకు చోటు కుదరక వదిలేసేవాళ్ళు, దాన్ని జనం రూలు చేసేశారు. పరీక్షలో పెట్టమని చెప్పండి.

ఇంకో మాట అమ్మాయికి. ఇక్కడ మనం దీర్ఘం పెట్టి రాస్తున్నాం కానీ స్పానిష్‌లో అది దీర్ఘం కాదు, ఒత్తు. మన చెవికి ఒత్తు దీర్ఘంలా వినిపిస్తుంది కాబట్టి ఈ అడ్డదారి పనిచేస్తోంది. మరీ ‘పపాాా’ అని సాగదీస్తే సంగీతం క్లాసు అనుకుంటారు.

#24 నైట్‌షిఫ్ట్_నాగు

అందరికీ థాంక్స్. ఇప్పుడు టైప్ చేయడం ఎలా? ఫోన్లో అక్షరాన్ని నొక్కి పట్టుకుంటే గీతలన్నీ వస్తున్నాయి, ఓకే. ఆఫీసు కంప్యూటర్లో?

#25 కొత్తిమీర_కట్ట

విండోస్ అయితే ఆల్ట్ నొక్కి పట్టుకుని, కుడివైపు నంబర్ల గళ్ళలో 160 కొడితే ఏ మీద గీత. 130 ఈ, 161 ఐ, 162 ఓ, 163 యు. 164 కొడితే ఎన్యే. లేదంటే కీబోర్డ్ సెట్టింగ్స్‌లో ‘యునైటెడ్ స్టేట్స్ ఇంటర్నేషనల్’ పెట్టుకోండి. అపాస్ట్రఫీ నొక్కి ఓ నొక్కితే గీత పడిపోతుంది.

#26 నైట్‌షిఫ్ట్_నాగు

రెండోది పెట్టి చూశా అక్కా. గీతలు బ్రహ్మాండంగా వస్తున్నాయి, కానీ ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ను అడిగే భాష) కావాల్సిన కోట్ మార్కులు రావట్లేదు! కోట్ కొట్టి తర్వాత ఏ రాస్తే దాని మీద గీత పడుతోంది, క్వెరీ ఎర్రర్. కోట్ తర్వాత స్పేస్ కొడితే మామూలు కోట్ వస్తోంది కానీ చెయ్యి అలవాటు పడట్లేదు. 162 నంబరే గుర్తుపెట్టుకుంటా. నాకు రోజూ కావాల్సింది ఆ ఒక్క ఓనే.

ఇవాళ రాత్రి జాబ్ 2:55కి పూర్తయింది. గీతతో తెర్మినో అని పెట్టాను, పంపేముందు మూడుసార్లు చూసుకున్నాను. కాల్ రాలేదు. బొటనవేలు ఎమోజీ వచ్చింది.

#27 అడ్డంపడేవాడు

శుభం. ఇంతకీ తమ్ముడూ, మొన్న కంగారుపడి నీకు కాల్ చేసిన ఆవిడ ఉందిగా. ఆవిడ గ్రూపులో రాసే మెసేజుల్లో గీతలుంటాయా?

#28 నైట్‌షిఫ్ట్_నాగు

ఇప్పుడే పైకి స్క్రోల్ చేసి మూడు వారాలవి చూశానన్నా. ఒక్కటి కూడా లేదు.